పేరు చెప్పుకోవడానికి ఒక జబాన్

1799లో 'ఏషియాటిక్ రీసెర్చెస్' అనే పత్రికలో బర్మా రాజ్యంలో మాట్లాడే భాషల మీద ఒక వ్యాసం అచ్చయింది. రాసినవాడు ఫ్రాన్సిస్ బుకానన్. స్కాట్లండ్ వాడు, వృత్తికి డాక్టరు. 1795లో ఈస్టిండియా కంపెనీ దౌత్యబృందం వెంట బర్మా రాజధాని అమరాపురానికి వెళ్లాడు. అక్కడ కనబడ్డ రకరకాల మనుషుల్ని పట్టుకుని సూర్యుణ్ణి ఏమంటారు, నీళ్లను ఏమంటారు, నిప్పును ఏమంటారు అని అడిగి మాటలు రాసుకున్నాడు. ఆ జాబితాలో అరకాన్‌లో ఎంతో కాలంగా స్థిరపడ్డ మహమ్మదీయుల మాటలు కూడా ఉన్నాయి. వాళ్లు తమను తాము 'రూయింగా' అని చెప్పుకుంటారనీ, అరకాన్ వాళ్లమని దాని అర్థమనీ ఒక్క ముక్క రాసి, తర్వాతి భాషకు పోయాడు.

ఆ ఒక్క ముక్కకు రెండు శతాబ్దాల తర్వాత ప్రాణం పోసేంత, ప్రాణం తీసేంత విలువ వస్తుందని ఆ డాక్టరుకు తెలిసే అవకాశం లేదు. 1982లో బర్మా సైనిక ప్రభుత్వం కొత్త పౌరసత్వ చట్టం తెచ్చింది. 1823కు ముందు నుంచి ఆ గడ్డ మీద ఉన్న జాతులే స్వదేశీ జాతులంది. 1823 ఎందుకు? 1824లో మొదలైన యుద్ధంతోనే తెల్లవాడు అరకాన్‌లో అడుగు పెట్టాడు కాబట్టి, తెల్లవాడి వెంట వచ్చినవాళ్లంతా పరాయివాళ్లే అని లెక్క. ఆ తర్వాత తయారైన 135 జాతుల జాబితాలో రోహింగ్యాల పేరు లేదు. అసలు అలాంటి జాతే లేదు, వాళ్లు బెంగాల్ నుంచి చొరబడ్డ 'బెంగాలీ'లు అన్నారు. చట్టం గీసిన గీత 1823. పేరు అచ్చులోకి ఎక్కింది 1799లో. మధ్యలో ఇరవై నాలుగేళ్లు. ఆ ఇరవై నాలుగేళ్ల సాక్ష్యం బర్మీస్‌లో లేదు, బంగ్లాలో లేదు, ఉర్దూలో లేదు. ఇంగ్లీషులో ఉంది.

రోహింగ్యా కుర్రవాళ్లు ఇవాళ ఇంగ్లీషు వెంట ఎందుకు పడుతున్నారో అర్థం చేసుకోవాలంటే ఇక్కణ్ణుంచి మొదలుపెట్టాలని మా ఉద్దేశం. అమెరికా వీసా కోసమనీ, ఎన్జీవో ఉద్యోగం కోసమనీ తేల్చేయడం సులువు. అవీ ఉన్నాయి. ఎందుకుండకూడదు? కానీ అంతకన్నా లోతైన సంగతి ఇంకొకటుంది. మేం ఇంగ్లీషును నెత్తిన పెట్టుకుని ఊరేగే వాళ్లం కాదు. ఉర్దూలో కలలు కని తెలుగులో రాసుకునేవాళ్లం. చదువుల మీడియం ఒక్క దెబ్బతో మారితే ఒక తరం తరమే ఎలా కూలబడుతుందో మా పెద్దల్ని చూసి తెలుసుకున్నవాళ్లం. 1918లో ఉర్దూ మీడియంతో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ 1948 తర్వాత ఇంగ్లీషులోకి మారిపోయినప్పుడు, నిన్నటిదాకా ఆలిమ్‌లనిపించుకున్నవాళ్లు ఇవాళ అర్జీ రాయడానికి మరొకర్ని బతిమాలుకోవాల్సి వచ్చింది. భాష అంటే అన్నం గిన్నె. భాష అంటే పహచాన్ కూడా. ఒకటి దక్కించుకోబోతే రెండోది జారిపోయే బతుకులు మావి. అందుకే అరకాన్ కుర్రవాళ్ల సంగతి మాకు దూరపు వార్తగా అనిపించదు.

తెల్లవాడు పేరు రాసిపెట్టాడు కదా అని అతన్ని మెచ్చుకోనవసరం లేదు. 1826లో అరకాన్‌ను చేజిక్కించుకున్నాక బ్రిటిష్ జనాభా లెక్కలు ఈ ముస్లింలను 'అరకాన్ మహమ్మదీయులు' అనీ, 'చిట్టగాంగీయులు' అనీ రాశాయి. బుకానన్ విన్న పేరు ఆ గళ్లలోకి ఎక్కలేదు. వరి పొలాలకు కూలీలు కావాలని చిట్టగాంగ్ వైపు నుంచి మనుషుల్ని రప్పించిందీ వాళ్లే. దాంతో అంతకు ముందునుంచీ ఉన్నవాళ్లూ కొత్తగా వచ్చినవాళ్లూ ఒకే గంపలో పడ్డారు. పదిహేడో శతాబ్దంలో అరకాన్ రాజుల కొలువులో అలావోల్ వంటి ముస్లిం కవి బంగ్లాలో కావ్యాలు రాశాడన్న చరిత్ర ఆ గంప అడుగుకు చేరింది. 1942లో జపాన్ వాళ్లు దండెత్తి వచ్చినప్పుడు రఖైన్ బౌద్ధులు ఒక పక్కన, ముస్లింలు బ్రిటిష్ వాళ్లిచ్చిన తుపాకులతో మరో పక్కన నిలబడి ఒకళ్లనొకళ్లు చంపుకున్నారు. ఉత్తరాన ముస్లింలు, దక్షిణాన బౌద్ధులు మిగిలారు. ఆ గాయం ఇప్పటికీ మానలేదు. రెండు వైపులా చచ్చినవాళ్లున్నారన్నది దాచిపెట్టి రాయడం మాకిష్టం లేదు.

అయినా 1948లో బర్మాకు స్వాతంత్ర్యం వచ్చాక కొన్నేళ్లు వీళ్లు మనుషులుగానే బతికారు. ఓట్లు వేశారు, గెలిచారు. ఊ నూ మంత్రివర్గంలో అరకాన్ ముస్లిం సుల్తాన్ మహమూద్ ఆరోగ్య మంత్రిగా పనిచేశాడు. 1960ల మొదట్లో రంగూన్ రేడియోలో రోహింగ్యా భాషలో కార్యక్రమాలు వచ్చేవి. ప్రభుత్వమే ఆ పేరు పలికిందన్న మాట! ఇవాళ ఆ జాతే లేదంటున్న రాజ్యం ఒకనాడు వాళ్ల భాషలో వార్తలు చదివించింది.

1962 మార్చిలో నె విన్ సైన్యంతో గద్దెనెక్కాడు. రేడియో గొంతు కొన్నాళ్లకు మూగబోయింది. మిషనరీ బళ్లూ ప్రైవేటు బళ్లూ ప్రభుత్వపరమయ్యాయి. కాలేజీల్లో ఇంగ్లీషు మీడియం పోయి బర్మీస్ వచ్చింది. చిన్న తరగతుల్లో ఇంగ్లీషు చెప్పడమే మానేశారు. 1980ల మొదట్లో మళ్లీ తెచ్చారు. నె విన్ కూతురు లండన్‌లో డాక్టరు చదువుకు పోయి ఇంగ్లీషులో తప్పిందనీ, అప్పుడు గాని నాయనకు ఇంగ్లీషు విలువ తెలిసిరాలేదనీ బర్మాలో ఒక కథ చెప్పుకుంటారు. నిజమో కాదో గాని, గద్దె మీదివాళ్ల పిల్లలకు ఒక నీతీ, మిగతా పిల్లలకు ఒక నీతీ అన్నది మనకు కొత్తేమీ కాదు. మాతృభాషలో చదవండి అని ఉపన్యాసాలిచ్చే పెద్దల పిల్లలు ఏ బళ్లలో ఉంటారో మనకు తెలీదా?

రోహింగ్యాల చదువు మీద వేటు అంతకన్నా లోతుగా పడింది. 1978లో 'నాగమిన్' పేరుతో సైన్యం పౌరుల్ని, విదేశీయుల్ని ఏరతామని బయల్దేరితే రెండు లక్షల మంది నాఫ్ నది దాటి బంగ్లాదేశ్‌లో పడ్డారు. చాలామందిని వెనక్కి తోలారు. 1982 చట్టంతో పౌరసత్వం పోయింది. పౌరసత్వం పోతే ఏం పోతుంది? ప్రభుత్వ ఉద్యోగం పోతుంది. టీచరు ఉద్యోగమూ అందులోదే. డాక్టరు చదువు, ఇంజనీరు చదువు పూర్తి పౌరులకే. ఒక టౌన్‌షిప్ నుంచి పక్క టౌన్‌షిప్‌కు వెళ్లాలన్నా పర్మిట్ కావాలి. పెళ్లికి పర్మిషన్. ఉత్తర అరకాన్ ఊళ్లకు వేసిన బౌద్ధ టీచర్లు వచ్చేవారు కాదు. వచ్చినా పిల్లల భాష వాళ్లకు తెలియదు, వాళ్ల భాష పిల్లలకు తెలియదు. ఊరివాళ్లే చందాలు వేసుకుని, కాస్త చదివిన కుర్రవాణ్ణి పెట్టి బడి నడుపుకునేవారు. మదర్సాలో ఉర్దూ, అరబీ. బళ్లో బర్మీస్. ఇంట్లో రోహింగ్యా. 1991-92లో మళ్లీ రెండున్నర లక్షల మంది పారిపోయారు. కుతుపలాంగ్, నయాపారా క్యాంపులు అప్పటివే.

ఇక్కడ తెలుగు పాఠకులకు ఒక మాట చెప్పుకోవాలి. రోహింగ్యాలను బర్మాలో తిట్టే మాట 'కలా'. ఆ తిట్టు వాళ్ల కోసమే పుట్టింది కాదు. మన కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి ఓడలెక్కి రంగూన్ పోయిన తెలుగు కూలీలు కూడా కలాలే. రేవు పేరు మీద వాళ్లను 'కోరంగీలు' అని కూడా పిలిచేవారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, ఓడ యజమానులు బర్మా కూలీలను పనిలో పెట్టుకున్నారు. సమ్మె తీరాక వాళ్లను పొమ్మన్నారు. ఆ కోపం దొరల మీద చూపించలేక తెలుగువాళ్ల మీద చూపించారు. వంద మందికి పైగా చచ్చిపోయారు. చచ్చినవాళ్లలో ఎక్కువ మంది మనవాళ్లే, హిందువులే. 1960లలో నె విన్ వ్యాపారాలన్నీ జాతీయం చేసినప్పుడు లక్షల మంది భారతీయులు కట్టుబట్టలతో ఓడలెక్కారు. విశాఖపట్నంలో 'బర్మా క్యాంపు' అన్న పేటకు ఆ పేరు ఊరికే రాలేదు. వాళ్లను మనం కాందిశీకులన్నాం. చోటిచ్చాం, బతుకుతెరువు చూపించాం. మంచి పని చేశాం. అదే బర్మా, అదే సైన్యం, అదే తిట్టు తిని వచ్చిన రోహింగ్యాను చొరబాటుదారు అంటున్నాం. తేడా ఎక్కడుందో మీరే చెప్పండి. వాళ్లు మన దేశం నుంచి పోయినవాళ్లు, వీళ్లు కాదు అంటారా? నిజమే. ఆ ఒక్క తేడాతోనే చర్చ ముగిసిపోతుందా?

సరే, చదువు దగ్గరికే వద్దాం. 2012 జూన్‌లో అరకాన్‌లో మళ్లీ మంటలు లేచాయి. లక్షా నలభై వేల మంది, వాళ్లలో అత్యధికులు రోహింగ్యాలే, క్యాంపుల్లో పడ్డారు. రాష్ట్ర రాజధాని సిట్వేలోని యూనివర్సిటీ తలుపులు రోహింగ్యా విద్యార్థులకు మూసుకుపోయాయి. అలా చదువు తెగిపోయినవాళ్లలో మాంగ్‌డాకు చెందిన మయ్యూ అలీ ఒకడు. 1991లో పుట్టాడు. ఆ యూనివర్సిటీలో ఇంగ్లీషు సాహిత్యం చదువుతుండగా వెళ్లగొట్టబడ్డాడు. 2017లో బంగ్లాదేశ్ క్యాంపులకు చేరాక రోహింగ్యా కుర్రకారు కవిత్వం రాయడానికి ఒక వేదికను నిలబెట్టాడు. తను ఇంగ్లీషులో రాశాడు. క్యాంపుల నుంచీ బయటి నుంచీ వచ్చిన కవితలతో 2019లో 'ఐ యామ్ ఎ రోహింగ్యా' అనే సంకలనం ఇంగ్లీషులో వెలువడింది. పుస్తకం పేరే ఒక వాక్యం. బర్మాలో ఆ వాక్యాన్ని బర్మీస్‌లో అనడం తేలిక కాదు. 2014 జనాభా లెక్కల్లో ఎన్యూమరేటరు అడిగినప్పుడు 'రోహింగ్యా' అన్నవాళ్లను లెక్కలోకే తీసుకోకుండా వెళ్లిపోయారు. 2016లో ఆంగ్ సాన్ సూ కీ ప్రభుత్వం రంగూన్‌లోని అమెరికా ఎంబసీని ఆ మాట వాడొద్దని అడిగింది. 2017 నవంబరులో బర్మా వెళ్లిన పోప్ కూడా అక్కడ ఉన్నన్నాళ్లూ ఆ పేరు పలకలేదు, ఢాకా చేరాకే పలికాడు. ప్రపంచంలో ఎన్ని జాతుల పేర్లకు ఇన్ని జాగ్రత్తలు తీసుకుంటారో మాకు తెలీదు. 'ముస్లిం' అని చెబితే ఇల్లు అద్దెకు దొరకదని నోటిదాకా వచ్చిన పేరును మింగేసుకునే మాకు మాత్రం ఆ గొంతులో అడ్డం పడేదేమిటో తెలుసు.

2017 ఆగస్టు 25 తర్వాత కొద్ది నెలల్లో ఏడు లక్షల మందికి పైగా నాఫ్ నది దాటారు. ఊళ్లు కాల్చారు, తులాతోలి లాంటి చోట్ల వాగు ఒడ్డున నిలబెట్టి చంపారు, ఆడవాళ్లను చెరిచారు. ఈ సంగతులు రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. మేం చెప్పదలచుకున్నది ఆ తర్వాతి సంగతి. కుతుపలాంగ్ కొండల మీద చెట్లు నరికి, వెదురు బొంగులు పాతి, టార్పాలిన్లు కప్పుకుని లక్షల మంది కూర్చున్నారు. వాళ్లలో సగానికి పైగా పిల్లలు. వాళ్లకు ఏ భాషలో చదువు చెప్పాలి?

బంగ్లాదేశ్ ప్రభుత్వం బంగ్లా వద్దంది. బంగ్లాలో చదివితే ఇక్కడే పాతుకుపోతారని భయం. పైగా వీళ్లు బెంగాలీలే అని బర్మా అంటోంది కదా, బంగ్లా నేర్పి ఆ మాట నిజం చేసినట్టవుతుంది. పోనీ బర్మా సిలబస్ చెబుదామా? బర్మా గుర్తింపు ఇస్తేగాని ఆ సర్టిఫికెట్‌కు విలువ లేదు. బర్మా ఇవ్వదు, అప్పట్లో బంగ్లాదేశ్ కూడా అనుమతించలేదు. రోహింగ్యా భాషలో పాఠ్యపుస్తకాలు లేవు. చివరికి యూనిసెఫ్ వగైరా సంస్థలు 'లెర్నింగ్ సెంటర్' అని పేరు పెట్టి, బడి అనకుండా, లెవెల్ ఒకటి, లెవెల్ రెండు అంటూ ఇంగ్లీషు, లెక్కలు, కొంత బర్మీస్, జీవన నైపుణ్యాలు చెప్పించాయి. పక్కా గోడ కట్టకూడదు కనుక అవీ వెదురు తడికెలే. రోజుకు రెండు మూడు షిఫ్టులు, ఒక్కో పిల్లకు రెండేసి గంటలు. ప్రతి సెంటర్‌లోనూ ఇద్దరు టీచర్లు. ఒకరు స్థానిక బంగ్లాదేశీ, ఇంగ్లీషూ లెక్కలూ చెప్పేవారు. రెండోవారు రోహింగ్యా 'వాలంటీరు', బర్మీస్ చెప్పేవారు. వాలంటీరు అనే ఎందుకన్నారంటే కాందిశీకుడికి ఉద్యోగం ఇవ్వకూడదు, జీతం అనకూడదు.

ఇందులో ఒక విచిత్రం చూడండి. ఆ క్యాంపులో ప్రతి భాష వెనకా ఒక రాజ్యం కాపలా కాస్తోంది. బంగ్లా నేర్చుకుంటే ఒక రాజ్యానికి కోపం. బర్మీస్ నేర్చుకుందామంటే ఇంకో రాజ్యం ఒప్పుకోదు. ఎవరికీ అభ్యంతరం లేనిది ఇంగ్లీషొక్కటే. ఎందుకంటే అక్కడ అది ఎవరిదీ కాదు. ఒకప్పుడు అరకాన్‌ను మింగిన దొరల భాషే, ఎవరి గడ్డ మీదా హక్కు అడగని భాషగా తేలింది. ఖాళీగా దొరికిన ఆ కాస్త చోటులోనే కుర్రవాళ్లు నిలదొక్కుకున్నారు.

ఎలా నిలదొక్కుకున్నారు? సెంటర్లలో చెప్పేది చిన్నపిల్లల చదువు. పద్నాలుగు దాటినవాడికి అక్కడ పని లేదు. బర్మాలో మెట్రిక్ దాకా చదివినవాళ్లు సొంత గుడిసెల్లోనే ట్యూషన్లు పెట్టారు. గ్రామర్ పుస్తకాలు, బర్మా పాఠ్యపుస్తకాలు జిరాక్సు తీయించి పంచుకున్నారు. ఆడపిల్ల ఈడేరితే మగపిల్లల మధ్య కూర్చోబెట్టరు కనుక, చదువుకున్న ఆడవాళ్లు తమ గుడిసెలోనే నలుగురైదుగుర్ని పోగేసి చెప్పారు. ఇది పర్దా గొప్పతనం అని మేం అనబోం. పర్దా వల్ల పోయిన చదువుల లెక్క మా ఇళ్లలోనూ ఉంది. ఆ అడ్డంకి ఉన్నచోటే దారి వెతుక్కున్న ఆడవాళ్ల ఘనత మాత్రం చెప్పుకోవాలి. 2017లో వందల సంస్థలు కాక్స్ బజార్‌లో దిగినప్పుడు ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చిన ప్రతి కుర్రవాడికీ దుబాసీ పని దొరికింది. అంతకు ముందు బళ్లో చెబుతున్నవాళ్లు కూడా కొందరు అటే పోయారు. ఎవర్ని తప్పుపట్టగలం?

ఆ ఇంగ్లీషుతో వాళ్లు చేసిన పెద్ద పని ఇంకొకటుంది. మొహిబ్ ఉల్లా అనే ఆయన్ని క్యాంపులో 'మాస్టర్' అనేవారు. బర్మాలో టీచరుగా పనిచేసినవాడు. ఆయనా ఆయన తోటివాళ్లూ నోటు పుస్తకాలు పట్టుకుని గుడిసె గుడిసెకూ తిరిగారు. మీ ఇంట్లో ఎవరు చనిపోయారు, పేరేమిటి, వయసెంత, తండ్రి పేరేమిటి, ఏ ఊరు, ఎలా చంపారు అని అడిగి రాశారు. 2018 నాటికి ఆ జాబితాలు పదివేల పేర్లు దాటాయి. ఏ ప్రభుత్వమూ రాయని మరణాల రిజిస్టరు అది. మా జర్నలిస్టు వృత్తిలో ఎన్నో అల్లర్ల తర్వాత మృతుల సంఖ్య కోసం పోలీసు అధికారి ముందు నిలబడి ఆయన చెప్పిన అంకె రాసుకొచ్చినవాళ్లం మేం. ఆ అంకె మీద ప్రెస్‌మీట్ లేకుండా, జీతం లేకుండా, కాళ్లకు బురదతో పేర్లు రాసుకొచ్చినవాళ్ల పని ఎంత బరువైందో మాకు తెలుస్తుంది. 2019 మార్చిలో జెనీవాలో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల మండలిలో మొహిబ్ ఉల్లా ఇంగ్లీషులో మాట్లాడాడు. జూలైలో వైట్‌హౌస్‌లో అమెరికా అధ్యక్షుడి ముందు నిలబడ్డాడు. ఆ ఏడాది నవంబరులో గాంబియా దేశం హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో బర్మా మీద జాతిహనన కేసు వేసింది. డిసెంబరులో సూ కీ స్వయంగా వచ్చి వాదించినప్పుడు కూడా, ఒక సాయుధ ముఠా పేరులో భాగంగా తప్ప రోహింగ్యా అన్న మాట పలకలేదు. 2020 జనవరి 23న కోర్టు ఇచ్చిన ఉత్తర్వులో ఆ మాట నిండా ఉంది. బుకానన్ రాసిన తర్వాత రెండు వందల ఇరవై ఏళ్లకు, మళ్లీ ఇంగ్లీషులో.

మొహిబ్ ఉల్లాను 2021 సెప్టెంబరు 29 రాత్రి క్యాంపులోని తన ఆఫీసులోనే కాల్చి చంపారు. తిరిగి వెళ్దాం, హక్కులతో వెళ్దాం అన్నవాడు తుపాకులు పట్టిన తనవాళ్లకే కంటగింపు అయ్యాడు. చంపింది అర్సా ముఠావాళ్లని బంగ్లాదేశ్ పోలీసుల దర్యాప్తు తేల్చింది. ఈ సంగతి దాచి, రోహింగ్యా సమాజమంతా ఒకే గొంతు అని చెప్పడం అబద్ధమవుతుంది.

చదువుకు అడ్డంకులు మాత్రం రాజ్యం వైపు నుంచే ఎక్కువ. పాత క్యాంపుల్లో పుట్టి పెరిగిన పిల్లలు కొందరు చుట్టుపక్కల బంగ్లాదేశ్ హైస్కూళ్లలో చేరి చదువుకుంటుండేవారు. 2019 జనవరిలో వాళ్లను ఏరి బయటికి పంపారు. అదే ఏడు ఒక రోహింగ్యా అమ్మాయి కాక్స్ బజార్‌లో కాలేజీ చదువు చదువుతోందని బయటపడగానే సస్పెండ్ చేశారు. చదువుకున్నందుకు శిక్ష! 2019 సెప్టెంబరు నుంచి దాదాపు ఏడాది పాటు క్యాంపుల్లో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. కరోనా కాలంలో లోకమంతా ఫోన్లలో పాఠాలు వింటుంటే వీళ్లకు అదీ లేదు. 2021 చివర్లో బర్మా సిలబస్ మొదలుపెట్టనిచ్చారు. సంతోషించే లోపే, డిసెంబరులో కుర్రవాళ్లు సొంతంగా నడుపుకుంటున్న ప్రైవేటు బళ్లూ గుడిసె బళ్లూ మూసేయమన్నారు. బెంచీలు, బోర్డులు పట్టుకుపోయారు. మొహిబ్ ఉల్లా పెట్టిన బడి కూడా 2022లో మూతపడింది.

ఈ మొత్తానికి సహాయ సంస్థల రిపోర్టుల్లో ఒక మాట వాడతారు: 'రెజిలియెన్స్'. తెలుగులో నిబ్బరం అనుకోవచ్చు. ఎంత తొక్కినా లేచి నిలబడే గుణం అని మెచ్చుకోలు. ఈ మెచ్చుకోలు మీద మాకు అనుమానం. తొక్కేవాడి కాలు గురించి మాట్లాడకుండా, తొక్కించుకున్నవాడి నడుము గట్టిదనం గురించి ఎన్ని పేజీలైనా రాయొచ్చు. నిబ్బరం ఉంది, లేదని ఎవరన్నారు? నిబ్బరాన్ని పొగిడి పప్పుబియ్యం తగ్గించడం, నిబ్బరాన్ని పొగిడి బడి మూయడం మేం చూస్తూనే ఉన్నాం.

ఇంగ్లీషు మీద కూడా మా అనుమానాలు మాకున్నాయి. ఇంగ్లీషు వచ్చినవాడే సమాజానికి ప్రతినిధి అవుతాడు. రాని ముసలమ్మ గోడు దుబాసీ నోట్లో ఎంత మిగులుతుందో, ఎంత పోతుందో. రోహింగ్యా జబాన్‌కు ఒక లిపి ఉంది. మౌలానా మొహమ్మద్ హనీఫ్ 1980లలో తయారుచేశాడు, కుడి నుంచి ఎడమకు రాస్తారు. 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది, ఫోన్లలో రాసుకోవచ్చు. కానీ ఆ లిపిలో పిల్లకు పాఠ్యపుస్తకం ఎవరిస్తారు? అంతకు ముందు చదువుకున్నవాళ్లు ఉర్దూలోనో అరబీలోనో రాసుకున్నారు. ఇప్పుడు రోమన్ అక్షరాల్లో రోహింగ్యా రాసుకుంటున్న కుర్రవాళ్లూ ఉన్నారు. సొంత భాష ఇంట్లో, పరాయి భాష పెన్నులో. ఉర్దూను తెలుగు లిపిలో రాసుకుంటున్న మాకు దీని తియ్యదనం, చేదు రెండూ తెలుసు.

ఉర్దూ తెలిసినందువల్లే వీళ్లలో కొందరికి హైదరాబాద్ దగ్గరయింది. బాలాపూర్, బార్కస్, షాహీన్ నగర్ చుట్టుపక్కల బస్తీల్లో వేల మంది బతుకుతున్నారు. మదర్సాలో నేర్చుకున్న ఉర్దూ ఇక్కడ కూలి పనికీ, బేరానికీ, సలాముకూ పనికొచ్చింది. వాళ్ల పిల్లలు దక్కనీ మాట్లాడుతున్నారు, బళ్లో తెలుగు అక్షరాలూ దిద్దుతున్నారు. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు. ఐక్యరాజ్యసమితి కార్డు చూపిస్తే ఒక బడిలో చేర్చుకుంటారు, మరో బడిలో ఆధార్ ఏదీ అంటారు. ఢిల్లీ పిల్లల కేసులో 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముందుగా ప్రభుత్వ బళ్లకే వెళ్లి అడగమంది, కాదంటే హైకోర్టుకు వెళ్లొచ్చంది. 2022లో ఢిల్లీ యూనివర్సిటీ నుంచి డిగ్రీ తెచ్చుకున్న తస్మిదా జోహర్ మన దేశంలో మొదటి రోహింగ్యా పట్టభద్రురాలు. బర్మాలో బడి కోసం ముస్లిం పేరు వదులుకోవాల్సి వచ్చిందనీ, తన అసలు పేరు తస్మీన్ ఫాతిమా అనీ ఆమె చెప్పుకుంది. డిగ్రీ కాగితం మీద మాత్రం బర్మా పెట్టించిన పేరే ఉంది.

క్యాంపుల్లో ఇప్పుడేమైందో చెప్పి ఆపుతాం. 2024లో అరకాన్‌లో బర్మా సైన్యానికీ అరకాన్ ఆర్మీకీ జరిగిన యుద్ధంలో మళ్లీ రోహింగ్యాలే నలిగారు. 2025 నడుమకు లక్షన్నర మంది దాకా కొత్తగా కాక్స్ బజార్ చేరారు. జనం పెరిగారు, డబ్బు తగ్గింది. అమెరికా వంటి దాతలు చేతులు ముడుచుకున్నారు. 2025 జూన్‌లో యూనిసెఫ్ లెర్నింగ్ సెంటర్లు ఆపేసింది. రెండు లక్షలకు పైగా పిల్లల చదువు మీద దెబ్బ పడింది. చిన్న తరగతులు చెప్పే స్థానిక బంగ్లాదేశీ టీచర్లలో 1,100 మందికి పైగా ఉద్యోగాలు పోగొట్టుకుని రోడ్డెక్కి ధర్నా చేశారు. వాళ్లూ పేదవాళ్లే, ఆ జీతం మీద బతికేవాళ్లే. ఇంగ్లీషు చెప్పేది వాళ్లే కనుక, వాళ్లతో పాటే చిన్న తరగతుల్లో ఇంగ్లీషు పాఠమూ పోయింది. బర్మీస్, లెక్కలు మిగిలాయి. ఇప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పిల్ల 2017 తర్వాత ఆ కొండల మీదే పుట్టింది. అరకాన్‌ను చూడలేదు. వెదురు తడికెల మధ్య కూర్చుని, తన పేరును మొదట బర్మీస్ లిపిలో రాయడం నేర్చుకుంటోంది.